మోకాలిలోతు వీరుడు

ఆ రోజుల్లో మా కోరుట్ల, జగిత్యాల వైపు పాతికేళ్ల మగవాడు పట్టపగలు ఊళ్లో కనిపిస్తే జనం రెండే ప్రశ్నలు అడిగేవారు. ఎప్పుడొచ్చినవ్, మళ్ల ఎప్పుడు పోతున్నవ్. ఎట్లున్నవ్ అని అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. బోర్లు ఎండిపోయి, సిరిసిల్లలో మగ్గాలు రోజు విడిచి రోజు ఆడుతున్న కాలం అది. మాది కల్లుగీత ఇల్లు. మేడిపల్లి చుట్టుపక్కల మా బాపుకు మంచి పేరు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కొత్తగా నేర్చుకునేవాణ్ని ముందు పొట్టి ఈతచెట్టు ఎక్కిస్తారు, తాటిచెట్టుకు ఎప్పుడు పంపాలో బాపు చెప్పాలి. ఎంత చురుగ్గా ఎక్కాడన్నది ఆయన చూసేవాడే కాదు. నిండు లొట్టి నడుముకు కట్టుకుని చుక్క ఒలకకుండా దిగాడా లేదా, అంతే. నేను ఎక్కడంలో కోతిని. దిగేటప్పుడు మాత్రం సగం దూరం వచ్చి, చెట్టును కావలించుకుని కళ్లు మూసుకునేవాణ్ని. లొట్టిలోని కల్లంతా నా లాగు తాగేది. మూడోసారి కూడా అదే జరిగాక బాపు నన్ను తీసుకెళ్లి పాస్‌పోర్టుకు ఫొటో దిగమన్నాడు.

గల్ఫ్‌లో నేను పనిచేసిన కట్టడాల కంపెనీ ఏడాది తిరిగేసరికి మూతపడింది. సముద్రం ఒడ్డున ఒకచోట మనుషులు కావాలంటే అక్కడికి పోయాను. అక్కడ తెల్లవాళ్లు కాళ్లకింద చెక్క కట్టుకుని, నడుముకు పట్టా బిగించుకుని, గుడారమంత పతంగి లాగుతుంటే నీళ్లమీద జారుతూ పోతారు. ఆ పతంగులకు పంపుతో గాలి కొట్టడం, ఉప్పునీళ్లు కడిగి ఆరేయడం నా పని. నేర్పించే ఆయన కేరళ మనిషి. మాస్టర్ అనేవాళ్లం. సాయంత్రం అతిథులు పోయాక పనివాళ్లను కూడా నేర్చుకోనిచ్చేవాడు. అక్కడొక పాయ ఉంది, ఎంత దూరం పోయినా మోకాలిలోతే. ఒడ్డున జెండా పాతి, కొత్తవాళ్లందరికీ ఒకటే మాట చెప్పేవాడు: ఈ జెండా దగ్గర బయలుదేరి పదిసార్లు ఇక్కడికే తిరిగొస్తే అప్పుడు నిన్ను పెద్ద సముద్రానికి తీసుకుపోతానని. నేను రోజూ పదిసార్లు తిరిగొచ్చాను. ఎట్లా అంటే, గాలి ఎటు తోస్తే అటు రెండొందల అడుగులు జుమ్మని పోయేవాణ్ని, చెక్క విప్పి చంకలో పెట్టుకుని నీళ్లలో నడుచుకుంటూ వచ్చేవాణ్ని. (తెల్లవాళ్లు కూడా చాలామంది అట్లాగే నడిచొచ్చేవారు. అదీ ఆటలో భాగమే అనుకున్నాను.) మాస్టర్ నన్ను ఎందుకు పెద్ద సముద్రానికి తీసుకుపోవడం లేదో నాకు అంతుపట్టలేదు. నా రంగు చూసే అని తీర్మానించుకుని కొన్నాళ్లు ఆయన మీద అలిగాను కూడా.

తర్వాత అక్కడా మనుషుల్ని తగ్గించారు. వచ్చేటప్పుడు మాస్టర్ ఒక చినిగిన పతంగి, పాత చెక్క ఇచ్చాడు. మా వాకిట్లో అట్టపెట్టె విప్పుతున్నప్పుడు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నారు. కంబళ్లు, సెంటు సీసాలు వస్తాయని చూస్తుంటే చిరుగుల పరదాలాంటిది మీటర్లకొద్దీ బయటికి వచ్చింది. మా ఆవిడ బీడీలు చుట్టడం ఆపి దాన్ని చూసింది. వడ్లు ఆరబోసుకోవడానికి పనికొస్తుందా అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది.

ఏజెంటు మళ్లీ వీసా పెట్టాడు. ఎడారిలో పైపులు మోసే పని, మూడేళ్ల దాకా రావడం కుదరదు. నేను మధ్యలో సెలవుకొచ్చి పోయాక పుట్టిన మా బిడ్డకు అప్పటికి రెండేళ్లు. పోవాలని లేదు, ఉండడానికి పని లేదు. అప్పుడే మా ఆవిడ తమ్ముడు ఒక కబురు తెచ్చాడు. మగ్గం మీద పనిచేసే ఆ బావమరిదే అంతకుముందు నా పతంగిని చేత్తో నలిపి, దారం లెక్కపెట్టి, ఇది మగ్గం బట్టే, అతకడం ఎంతసేపని తీసుకుపోయి, చిరుగు ఎక్కడుందో వెతికినా దొరకనట్టు కుట్టుకొచ్చాడు. కబురేమిటంటే, సిరిసిల్ల అవతల కొత్తగా నిండిన డ్యామ్‌లో ఒకాయన బోట్లు తిప్పుతున్నాడట, నీళ్ల ఆటలు వచ్చినవాళ్లు కావాలంటున్నాడట. వెళ్లి కలిశాం. బోట్ల సారు నన్ను కిందికీ మీదికీ చూసి, ఆదివారం చేసి చూపించు, నచ్చితే ఇక్కడే పని అన్నాడు. నా విమానం ఆ తర్వాత పన్నెండు రోజులకు.

ఆదివారానికల్లా మా బావమరిది పుణ్యమా అని సగం సిరిసిల్ల కట్టమీద ఉంది. బాపు కూడా వచ్చాడు. నేను నడుము పట్టా బిగించుకుంటుంటే ఆయన ముందు దాన్నే చూశాడు, చెట్టెక్కే మోకు ముడి చూసినట్టు లాగి చూసి తలూపాడు. తర్వాత గుప్పెడు దుమ్ము తీసి గాల్లోకి వదిలాడు. అది కట్టమీంచి నేరుగా నీళ్ల నడిమధ్యకు పోయింది.

"పోవుడైతె గాలే తీస్కపోతది," అన్నాడు బాపు. "మల్ల ఎట్లొస్తవ్ర?"

"నడిసొస్త," అన్నాను. నోరు అలవాటు కొద్దీ అనేసింది.

"ఆడ ఊర్లకు ఊర్లే మునిగినయ్. నీ కాళ్లకేం అందుతదిర?"

ఒకసారి నీళ్లకేసి చూశాను. కానీ బోట్ల సారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, జనం ఈలలు వేస్తున్నారు. పతంగి లేపాను. నిజం చెప్పాలంటే మొదటి రెండు నిమిషాలు నా జీవితంలోనే గొప్పవి. నీళ్లమీద దూసుకుపోతుంటే వెనక మా బావమరిది గొంతు, గా కుట్టు నాదే అని వినిపించింది. కట్ట అగ్గిపెట్టెంత అయ్యాక వెనక్కి తిప్పాలని గుర్తొచ్చింది. తిప్పాను, ఇంకా దూరం పోయాను. మళ్లీ తిప్పాను, మరింత దూరం. సముద్రం గాలి పద్ధతైన గాలి, మా గాలి మాత్రం ఒకసారి గుద్దుతుంది, ఒకసారి అసలే ఉండదు. లేని ఒక క్షణంలో పతంగి తడిబట్టలా నీళ్లమీద పడింది. నేను లైఫ్ జాకెట్‌లో మెడదాకా మునిగి, కాలికి నేల తగులుతుందేమోనని తడుముతూ ఉండిపోయాను. ఏమీ తగల్లేదు. మూడేళ్లు నేర్చుకున్నానని చెప్పుకున్న విద్యలో నాకు సగమే వచ్చునని ఆ నీళ్లలో అర్థమైంది. మాస్టర్‌ను తిట్టుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గేసింది.

బోటు వచ్చింది. అందులో బాపు ఉన్నాడు. బాపుకు ఈత రాదు. తాటిచెట్టు చివర నిలబడి పాటలు పాడే మనిషి, బోటు అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు, ముఖం పాలిపోయింది. నన్ను పైకి లాగాక ఒక చెయ్యి అంచుమీద ఉంచే, రెండోదాంతో నా తల తుడిచాడు. తిడితే బాగుండుననిపించింది.

"దిగుడు నేర్పకుంటనే నిన్ను ఇమానమెక్కిచ్చిన," అన్నాడు చివరికి. "తప్పు నాదే బిడ్డా."

(మా వైపు కూతుర్నే బిడ్డ అంటారు. కొడుకును అట్లా పిలవాలంటే మనసు బాగా కరగాలి.)

కట్టమీద ఎవరూ నవ్వలేదు, అది ఇంకా అన్యాయం. బోట్ల సారు టీ ఇప్పించి, వచ్చే ఆదివారం కాకుంటే ఆపై ఆదివారం చూద్దాం అన్నాడు, మర్యాదకు. మర్నాటి నుంచి బాపు నన్ను మేడిపల్లి చెరువుకు తీసుకుపోయాడు. ఎండకు నీళ్లు తగ్గి మళ్లీ మోకాలిలోతే. ఒక కర్ర పాతి పక్కన బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. కర్ర దగ్గర బయలుదేరి కర్ర దగ్గరికే రావాలి, కాలు నేలకు తగిలితే ఆ విడత చెల్లదు. వరసగా పది వస్తే డ్యామ్. ఐదు రోజులు ఒక్కటీ చెల్లలేదు. (గొర్రెలు కాసే ముసలాయన రోజూ వచ్చి, ఇంకా రాలేదా అని బాపునే అడిగిపోయేవాడు.) గాలికి ఎదురు పోకుండా, కొంచెం వాలుగా, పాము పాకినట్టు అటూ ఇటూ కోసుకుంటూ రావాలని ఐదోరోజు ఒంటికి తెలిసింది. ఆరోరోజు ఒకటి. తొమ్మిదోరోజు నాలుగు. ఏజెంటు ఫోన్లు, ఇంట్లో కొత్త సూట్‌కేసు, అందులో మా ఆవిడ మడతపెట్టిన నా చొక్కాలు. ప్రయాణానికి ముందురోజు ఏడు వచ్చాయి. ఎనిమిదో దాంట్లో కాలు తగిలింది. ఎవరూ చూడలేదు, బాపు చూశాడు. నేను ఆయన ముఖం చూశాను, ఇంత దయలేని మనిషి మా బాపేనా అనిపించింది.

"ఏడు పది గాదుర," అన్నాడు, బీడీ ఆర్పి.

ఆ సాయంత్రం నేనూ బావమరిదీ డ్యామ్‌కు పోయాం. దారంతా ఎట్లా అబద్ధం ఆడాలో అతను నేర్పుతూ వచ్చాడు, పది వచ్చినయ్ అను బావ, ఎవరు లెక్కవెట్టిన్రు అని. బోట్ల సారు ముందు నిలబడితే ఆ మాట నోట్లోంచి రాలేదు. మా చెరువులో ఏడుసార్లు తిరిగొస్తున్నాను సారూ, మీ డ్యామ్‌కు నేనింకా తయారు కాలేదు, ఎప్పుడవుతానో కూడా తెలియదు అన్నాను. బావమరిది తల పట్టుకున్నాడు. సారు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, పని కోసం వచ్చి నాకు రాదని చెప్పినోన్ని నిన్నే చూసిన అని, పది వచ్చేదాకా మోటారు బోటు నడుపు, దూరం పోయినోళ్లను తోలుకరా, ఎవరెట్ల కొట్టుకపోతరో నీకన్న ఎరుకైనోడు లేడు అన్నాడు.

పదికి ఇంకో నలభై రోజులు పట్టింది. అదొక పెద్ద సంగతి కాదు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలు రెండోరోజే అవతలి గట్టుకు పోతామంటారు. పోవచ్చు, ఈ కర్ర దగ్గరికి వచ్చి చెప్పండి, అప్పుడు పంపుతానంటే, అన్నకు పిరికి ఎక్కువని చాటుగా అనుకుంటారు. నిజమే. వాళ్ల వయసులో నాకు లేనిది అదొక్కటే.

నేనెక్కని ఆ విమానం పోయిన రోజు పొద్దున నేను బోటు కడిగి ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ ఆ కొత్త సూట్‌కేసులోంచి నా చొక్కాలన్నీ తీసి దండెం మీద వేసి, అందులో బీడీలకు తడిపిన తునికాకు సర్దుతోంది. మళ్లీ అవసరమొస్తే ఎట్లా అని అడిగాను. ఆమె తలెత్తకుండానే, అప్పుడు జూద్దాం, ఇప్పుడైతే ఆకు వెట్టుకునే జాగ లేదు అంది. ఆ మధ్యాహ్నం అన్నం తిని, బిడ్డను పొట్టమీద వేసుకుని, ఎవరికీ ఏమీ సాధించి చూపించని ఒక పాతికేళ్లవాడు ఎంత హాయిగా నిద్రపోయాడో తలుచుకుంటే నాకు ఇప్పటికీ వాడి మీద కొంచెం అసూయే.