గీత కాడ ఆపే మారెక్క

మారెక్కది కెంచనగుడ్డ. ఏటి ఒడ్డున ఊరు. మొగుడు కలరా వచ్చి పోతే బళ్ళారికొచ్చి, మార్కెట్లో ఎర్రగడ్డలు, అదే ఉల్లిగడ్డలు, బాగుచేసే కూలికి చేరింది. కుళ్ళిన పొరలు ఒలిచి పారేసి, మంచి గడ్డను గోతాములో ఏసేది. పదేండ్లు అదే పని. నా కంటే మూడేండ్లు చిన్నదే. అందరూ అక్కా అంటే నేనూ అక్కా అంటాంటి. ఆయమ్మకు చదువు లేదు. నాది మూడో తరగతి. ఆ మూడు తరగతులు చూసుకొనే నాకు పొగరు.

పందొమ్మిదొందల యాభైతొమ్మిదిలో మేమిద్దరం ఒక కాలేజీలో దినకూలికి కుదిరినాము. ఆయమ్మ గదులు ఊడ్చేది, నేను బాయి నుంచి నీళ్ళు మోసేది. ఆ ఏడే జీవశాస్త్రానికి కొత్త గది ఇచ్చినారు. నాలుగు మైక్రోస్కోపులు కొయ్యపెట్టెల్లో వచ్చినాయి. త్రాసు, సీసాలు, గీతలున్న గాజు గొట్టాలు వచ్చినాయి. అవన్నీ చూసుకొనేదానికి ఒక మనిషిని ఖాయంగా తీసుకొంటారంట. నెలనెలా జీతం, పండగలకు సెలవు, ముసలితనంలో పింఛను.

పాఠం చెప్పే పద్మనాభం సారు మమ్మల్ని పిలిచి, "మార్చి పరీక్షల దాకా ఇద్దరూ ఈడ పని చెయ్యండి. చూసి ఒకరి పేరు రాస్తా" అన్నాడు.

ఆ కొలువు నాదే అనుకొంటి. ఎందుకంటే కొలిచేది నా పని. సిరిగేరి కళ్ళాల్లో పదైదేండ్లు వడ్లు కొలిచినోడిని. ఒకటి అనము, లాభం అని మొదలుపెట్టి రెండు, మూడు అని పాడుకుంటా పోతాము. సేరు మీద గోపురం నిలబడాల. లెక్క అయిపోయినాక ఇంగ రెండు దోసిళ్ళు కొసరు పోస్తాము. అంచుకు సరిగ్గా గీసి కొలిచినోడిని మా పక్క మనిషి కింద లెక్కెయ్యరు.

మారెక్క నీళ్ళు కొలిచేది చూస్తే నాకు నవ్వొచ్చేది. గాజు గొట్టం బల్ల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూకోని, కంటిని గీతకు సమంగా తెచ్చేది. గొట్టంలో నీళ్ళు అంచుల కాడ ఎగబాకి నడుమ కుంగి ఉంటాయి. ఆ కుంగిన చోటు గీతను తాకినాదంటే "సాకు" అని, చాలనేదాన్ని కన్నడంలో తనకు తానే చెప్పుకొని చెంబు ఎత్తేసేది.

"ఏమక్కా, నీళ్ళక్కూడా పిసినారితనమేనా? బాయేమన్నా ఎండిపోయిందా?" అంటి.

"సారు గీత కాడ ఆపమన్నాడు, ఆపినా."

"ఇంగో చుక్క పోస్తే గీత ఏడుస్తాదా?"

"గీత ఏడవదు, సారు ఏడుస్తాడు. పక్కకు జరుగు నారపన్నా, ఎలుతురుకు అడ్డమొస్తాండావు."

మొదటి పాఠం ఎర్రగడ్డ మీదనే పెట్టినారు. గడ్డను కోసి, ఒక రెబ్బను వంచి చిట్లిస్తే దాని లోపలి పక్క పల్చటి పొర లేస్తాది. దాన్ని స్లైడనే గాజుపలక మీద నీళ్ళచుక్కలో పరిచి, పైన చిన్న గాజుబిళ్ళను ఏటవాలుగా దించాల. నేను చేస్తే పొర మడతలు పడేది, బిళ్ళ కింద గాలిబుడగలు నిలిచేవి. పిల్లోళ్ళు ఆ బుడగల్నే కణాలనుకొని గుండ్రంగా బొమ్మలు గీసినారు. సారు తల పట్టుకున్నాడు. మారెక్క చేసిన దాంట్లో ఒక్క మడత లేదు, ఒక్క బుడగ లేదు. సారు మైక్రోస్కోపులో కన్నుపెట్టి, "భేష్ మారెక్కా! ఇటికెలు పేర్చిన గోడ మాదిరి కనపడ్తాండాయి కణాలు" అన్నాడు.

నేను దినానికి యాభై బిందెలు మోస్తా. నాకు ఎవరూ భేష్ అనలేదు.

బయటికి వచ్చినాక ఊరుకోలేకపోతి. "ఎర్రగడ్డలు ఒలిచినందుకు ఖాయం కొలువు కావల్నా నీకు?"

"నేను అడిగితినా? ఒలిచినా, అంతే. ఒలిచింది నేనైతే నీ కండ్లెందుకప్పా మండుతాండాయి?"

ఆడున్న పిల్లోళ్ళు నవ్వినారు.

మార్చిలో పరీక్షకు బయటూరి నుంచి ఇంగో సారు వచ్చినాడు. పిల్లోళ్ళు వేలు గుచ్చుకొని, నెత్తురు చుక్కను ఉప్పునీళ్ళలో కలిపి కణాలు చూపించాల. లీటరు నీళ్ళకు తొమ్మిది గ్రాముల ఉప్పు. ముందురోజు ఆ సీసా చేసే పని నాకు పడింది, స్లైడులు కడిగేది మారెక్కకు. తొమ్మిది గ్రాములు తూస్తే అరచేతి నడుమకు కూడా రాలేదు. అన్ని నీళ్ళకు ఇంతేనా? కొత్త సారు ముందర మా సారుకు తక్కువ కాకూడదని ఇంగ చేరెడు ఉప్పు కొసరు ఏస్తి.

పరీక్షలో ఒకమ్మాయి లేచి, "సార్, గుండ్రంగా లేవు, ముడుచుకొని పోయినాయి" అనింది. అందరివీ అంతే. ఎండిన రేగ్గాయల మాదిరి ఉండాయంట. కొత్త సారు మొగం చిట్లించినాడు. పద్మనాభం సారు మారెక్క మీదికి తిరుక్కొన్నాడు.

"స్లైడులకు ఏం పూసినావు? సబ్బు కడగలేదా?"

"శుభ్రంగా కడిగినా సార్."

"మరి ఇట్లెందుకయ్యాయి?"

ఎందుకయ్యాయో నాకు తెలుసు. ఉప్పెక్కువైతే కణంలో నీళ్ళను బయటికి లాగేస్తాదని పోయిన వారమే సారు చెప్పినాడు. చెప్పేటప్పుడు నేను ఆ గదిలోనే కుండ నింపుతాంటి. అయినా నోరు తెరవకపోతి. ఆయమ్మ పేరు చెడితే నా పేరు మిగులుతాది కదా అని గోడకానుకొని నిలబడితి.

మారెక్క ఉప్పునీళ్ళ సీసా దిక్కు చూసింది. మళ్ళ ఎవర్నీ అడక్కుండా త్రాసు ముందరేసుకొని ఉప్పు తూచింది, మోకాళ్ళ మీద కూకోని నీళ్ళు కొలిచింది, కొత్త సీసా చేసి సారు చేతికిచ్చింది. ఈ తూరి కణాలు చిన్న చిన్న తట్టల మాదిరి గుండ్రంగా కనపడినాయంట. సారు పాత సీసాను ఎత్తి పట్టుకొన్నాడు.

"దీన్ని ఎవరు కలిపినారు?"

నేను నేల చూస్తాంటే మారెక్కే చెప్పింది. "నారపన్న సార్. ఆయప్ప కళ్ళంలో కొలిచిన మనిషి. తక్కువ పడకూడదని కొసరేసింటాడు. చెడ్డబుద్ధితో కాదు."

గదంతా నవ్వింది. కొత్త సారూ నవ్వినాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చెడ్డబుద్ధి కాదని ఆయమ్మ చెప్తాంటే, నోరు మూసుకొని నిలబడిన నా బుద్ధి నాకు తెలుసు కదా.

జూన్‌లో ఆర్డరొచ్చింది. మారెక్క వేలిముద్ర ఏసింది. ఆ సాయంత్రమే బాయి కాడికి వచ్చి, "నారపన్నా, రసాయనాలకు ఇంగో గది కట్టిస్తాండారంట. దానికీ మనిషి కావాల. పనైపోయినాక రా, కొలిచేది నేర్పిస్తా" అనింది.

"ఎర్రగడ్డలు ఒలిచేదాని కాడ నేర్చుకొనే గతి నాకు పట్టలేదు" అంటి.

"నీ ఇష్టమప్పా" అని ఆయమ్మ ఎల్లిపోయింది.

ఆ మాట సైకిళ్ళు కాసే గాళెప్ప విన్నాడు. మరుసటి దినం నుంచి వాడు పోయి మారెక్క కాడ నేర్చుకొనేదానికి కూకొనేది కిటికీలోంచి చూస్తాంటి. వాడికి సంతకం కూడా రాదు. రెండేండ్లకు ఆ గది తెరిచినప్పుడు వాడి పేరే రాసినారు.

ఇప్పుడు నేను రెండు గదులకూ నీళ్ళు మోస్తాండా. కుడి భుజం పైకి లేయదు. గాళెప్ప మీద నాకు కోపం లేదు. నా మంటంతా మారెక్క మీదే. ఆయమ్మ ఆ సాయంత్రం బాయి కాడికి రాకుండా ఉంటే, కొలువు నాకు ఇయ్యలేదని అందర్నీ తిట్టుకొని హాయిగా ఉందును.