జహీరాబాద్‌లో పేమా తెలుగు చదివిన సాయంత్రం

ఎనభైల మొదట్లో హైదరాబాద్‌లోని ఒక బడిలో తెలుగు చెప్పేదాన్ని. మా అన్న ఉద్యోగం జహీరాబాద్‌లో. సుభద్ర వదిన అక్కడ సాయంత్రాలు ఆడవాళ్లకు చదువు నేర్పేది. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు, "టిబెట్ నుంచి వచ్చినామె నా దగ్గర తెలుగు దిద్దుతున్నది. నమ్మకుంటే వచ్చి సూడు" అంది. డిసెంబరులో ఒక శనివారం బయల్దేరాను.

గౌలిగూడలో పొద్దున్నే బస్సెక్కితే సంగారెడ్డి, సదాశివపేట మీదుగా మూడు గంటల ప్రయాణం. పది రూపాయల నోటిస్తే టికెట్టు పోను చిల్లర కూడా వచ్చింది. దారంతా చెరకు బండ్లు. "ఆడ చలి ఎక్కువుంటది మేడం, స్వెట్టర్ తేలేదా?" అని కండక్టర్ అడిగాడు. అక్కడే కొంటానన్నాను.

బస్టాండుకు దగ్గర్లోనే రోడ్డు పక్కన టార్పాలిన్ కింద స్వెట్టర్ల దుకాణం పెట్టుకుంది వదిన చెప్పిన పేమా. ముప్పై ఏళ్లుంటాయి. ఊళ్లో అందరూ నేపాలీ అనేవారు. ఆమె మాత్రం ఓపిగ్గా, "నేపాల్ కాదు, టిబెట్" అని దిద్దేది. చిన్నప్పుడే తల్లిదండ్రులతో సరిహద్దు దాటి వచ్చి, కర్ణాటకలోని శిబిరంలో పెరిగింది. ఏటా చలికాలం భర్తతో, బిడ్డతో ఇక్కడికి వచ్చేది.

వదిన పేరు చెప్పగానే, "కూసో అక్కా, జర చాయ్ తాగు" అంది. చదువెందుకు మొదలుపెట్టావని అడిగాను. "పోయినేడు బిడ్డకు జోరం. హైదరాబాద్ దవాఖానకు తీస్కపొమ్మన్నరు. బోర్డు సదవరాక పక్కనున్న రాయికోడ్ ఊరి బస్సెక్కిన. దిగి మల్ల వచ్చేసరికి పొద్దు గూకింది. బిడ్డ బతికింది. గని ఆ దినం నా పానం నాకాడ లేదు." నేను నీలం స్వెట్టరొకటి కొనుక్కున్నాను.

సాయంత్రం క్లాసు బసప్ప అనే రైతు ఇంటి ముందుగదిలో. పదిమంది దాకా ఆడవాళ్లు కూర్చున్నారు. దుకాణం భర్తకు అప్పగించి పేమా కూడా వచ్చింది. పాఠం మొదలవకముందే బసప్ప వచ్చి, రేపట్నుంచి గది కావాలన్నాడు. "అల్లం మూటలు పెట్టుకోవాలె టీచరమ్మా. ఇన్ని దినాలాయె, ఎవరికన్న సదువొచ్చిందా?"

వదిన మొహం చిన్నబోయింది. అప్పుడు పేమా లేచి, ఆయన చంకలో ఉన్న పేపరు చూపించి, "అది ఇయ్యి అన్నా" అంది. అందులో చక్కెర ఫ్యాక్టరీ ప్రకటన మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. "చె-ర-కు బం-డ్లు తెచ్చే రై-తు-ల-కు..." "విజ్ఞప్తి" దగ్గర ఆగిపోయింది. వదిన పెదవి కదపబోతుంటే చేత్తో వారించి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి, తనే పలికింది.

"ఇంక సదువు, బండ్లు ఎన్నడు తెమ్మన్నరు?" అన్నాడు బసప్ప ముందుకు వంగి. సోమవారం అని చదివి చెప్పింది. ఆయన కాసేపు తల గోక్కున్నాడు. "మేము ఇంట్ల కన్నడం, బయట తెలుగు మాట్లాడుతం. సదువు రెండిట్ల రాదు. పేపరు ఊకె పట్టుకొని తిరుగుత." తర్వాత లోపలికి చూసి భార్యను కేకేశాడు. "శాంతవ్వా, నువ్వు గూడ వచ్చి కూసో. మూటలు కొట్టంల పెడుత."

క్లాసయ్యాక పేమా నా పేరు పలక మీద తన లిపిలో రాసి చూపించింది. రోజూ రాత్రి బిడ్డతో ఆ అక్షరాలే దిద్దిస్తానంది. "మా భాష ఇడిస్తే మేమెవ్వరం?"

తెలుగు నాకు పుట్టుకతో వచ్చింది, దానికోసం నేనేమీ కష్టపడలేదు. టిబెటన్, కన్నడం, హిందీ అనే మూడు భాషల మధ్య బతుకుతూ, సొంత లిపిని వదలకుండా నాలుగోదాన్ని పట్టుకున్న మనిషి నోట నా భాష విన్నాక, దాన్ని బడిలో చెప్పడం ఎంత పెద్ద పనో తెలిసింది. ఆదివారం తిరుగు బస్సులో ఆ గర్వంతోనే కూర్చున్నాను.

మీరూ ఇలాంటివాళ్లను కలవాలనుకుంటే చలికాలంలోనే, పొద్దున పూట వెళ్లండి. సాయంత్రం బేరాల హడావుడిలో వాళ్లకు మాట్లాడే తీరిక ఉండదు.