నేల కింద మా సిరీన్

మా అత్తగారు మొంజియాకి భయమంటే ఏమిటో తెలియదని జందూబా దారిలో తిరిగే బస్సు డ్రైవర్లంతా అంటారు. తెల్లవారకముందే మట్టి పొయ్యి రాజేసి, రోడ్డు పక్కన నిలబడి వేడి రొట్టెలు అమ్ముతుంది. బేరమాడితే పోలీసువాణ్ణయినా పొమ్మంటుంది. నాకు మాత్రం ఆవిడ గుట్టు తెలుసు. నేల కింద చీకట్లో ఉంటారనే జిన్నులంటే ఆవిడకి చచ్చేంత భయం. ఆ భయాన్ని తనలోనే దాచుకుంటే బాగుండేది, మనవలందరికీ పంచిపెట్టింది.

ఏటా వసంతంలో ఒక ఆదివారం మా ఇంటిల్లిపాదీ ఊరి పక్కనున్న రోమన్ శిథిలాలకి వెళ్తాం. మొంజియా పొడుపు కథలు వేస్తుంది. పిల్లలు విప్పి, జవాబుకి తగిన చోటికి పరిగెడతారు. ముందు చేరినవాళ్ళకి నువ్వుల హల్వా. ఎండకి తాళలేకో ఏమో, అక్కడి రోమన్లు నేల కింద కూడా గదులు కట్టుకున్నారు. అందుకే ఆటకి ముందు ఆవిడ హెచ్చరిక ఒకటుంటుంది.

“ఇక్కడ మనిషి కనబడకుండా ఎవరు పిలిచినా పలక్కండర్రా. వాళ్ళకి మన గురించి అన్నీ తెలుసు. నా గొంతుతోనే ‘నేనేనే, రావే’ అంటారు.”

“పిల్లల్ని బెదరగొట్టకండి అత్తయ్యా,” అన్నాను మొన్నటి వసంతంలో.

“బెదిరితేనే మన దగ్గరుంటారు. నువ్వా గిన్నె మీద మూత పెట్టు, ఈగలు ముసురుతున్నాయి.”

తర్వాత పిల్లలకేసి తిరిగింది. “ఎండ చూస్తే పారిపోతుంది, చీకట్లో పడుకుంటుంది, చేద వేస్తే లేచొస్తుంది. ఏమిటది?”

“నీళ్ళు!” అని అరిచి మా ఆరేళ్ళ సిరీన్ అందరికంటే ముందు పరిగెత్తింది. మిగతా పిల్లలు స్నానశాలల వైపు పోయారు. కాసేపటికి వాళ్ళంతా తిరిగొచ్చారు. సిరీన్ రాలేదు.

నేల కింది ఇంట్లో, గోడకున్న కంత దగ్గర దాని చెప్పు దొరికింది. ఆ కంతకి అవతల పాతకాలపు నీళ్ళ గొయ్యి ఉంది. కంతలో పెద్దవాళ్ళ భుజం పట్టదు. ఫోను వెలుగు వేస్తే వంపు తిరిగిన గోడ తప్ప ఏమీ కనబడలేదు. గోడ పగలగొట్టడానికి గునపం కోసం మా ఆయన లమీన్ కాపలావాడి దగ్గరికి పరిగెత్తాడు. నేను గొంతు చించుకుని పిలిచాను. జవాబు లేదు. గోతిలో పడిపోయిందా, లేక నానమ్మ మాట విని నోరు మూసుకుని కూర్చుందా?

మొంజియా పైన మెట్ల దగ్గరే నిలబడిపోయింది. ఆ మెట్లు ఆవిడ ఎన్నడూ దిగలేదు.

“మీరే కదా పలకొద్దన్నారు!” అని కింద నుంచి అరిచాను. “పలక్కుండానే నా బిడ్డ చచ్చిపోతే ఎవర్నడగాలి?”

అనకూడని మాటే. ఆవిడ దేవుడి పేరు తలుచుకుంటూ, గోడ పట్టుకుని దిగొచ్చింది. బోర్లా పడుకుని కంతలో మొహం పెట్టింది.

“సిరీన్, నేనేనే. రావే.”

అన్నాక గానీ తనేమందో ఆవిడకి తెలియలేదు. గబుక్కున నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. లోపల పాకుతున్న చప్పుడు వినిపించింది. బిడ్డ బతికే ఉంది. కానీ ఆ చప్పుడు మాకు దూరంగా, గోతి వైపు జరుగుతోంది.

“కదలకే తల్లీ! ఉన్నచోటే ఉండు!”

చప్పుడు ఆగింది. చాలాసేపటికి సన్నటి గొంతు వణుకుతూ వచ్చింది.

“నోరుంది, పళ్ళు లేవు. నిప్పు తింటుంది, రొట్టె కక్కుతుంది. ఏంటో చెప్పు.”

మా అత్తగారు కట్టిన పొడుపు కథే అది. రోజూ తను రాజేసే పొయ్యే జవాబు. అయినా ఆవిడ పెదాలు కదిలాయే తప్ప మాట రాలేదు. జవాబు నా నాలుక చివరే ఉంది. ఇంకో గొంతు వింటే పిల్ల బెదిరి ఇంకా లోపలికి పోతుందని పళ్ళు బిగబట్టుకున్నాను.

“తెలుసే... తెలుసు తల్లీ... గుర్తు రావట్లేదే...” అంటూ మొంజియా ఒక్కసారిగా భోరుమంది. ఆవిడ ఏడవడం అంతకుముందు నేను చూడలేదు.



“జిన్నులయితే చెప్పేసేవాళ్ళు,” అంది సిరీన్. “నువ్వు నానమ్మవే.”

మట్టి కొట్టుకుపోయిన చిన్న చెయ్యి కంతలోంచి బయటికొచ్చింది. మొంజియా ఆ చెయ్యి పట్టుకుని, నేనెంత అడిగినా చాలాసేపు నాకివ్వలేదు.