పైడయ్య అంటించిన భయాలు

గోదాము పైడయ్య భయపడని వస్తువు అరకు లోయలో లేదు. భయపడిన ప్రతి వస్తువుకూ ఆయన ఒక చీటీ అంటిస్తాడు.

కాఫీ రైతుల సంఘంలో ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. పండు తోలు ఒలిచే యంత్రం మీద ఇలా ఉంటుంది: "ఇది తోలు తీస్తుంది. పండుదో వేలిదో దీనికి తెలియదు." టీ ఫ్లాస్కు మీద: "బయట చల్లగా ఉంటుంది. నమ్మవద్దు." గేటు దగ్గరి కుక్క మెడలో అట్టముక్క: "పరిగెత్తని వారిని కరవదు." ఆ అట్ట చదవడానికి వంగిన ఒక అధికారిని అది కరిచింది. మర్నాడు అట్ట మీద ఇంకో వాక్యం చేరింది: "దూరం నుంచి చదవండి."

సంఘానికి సాఫ్ట్‌వేరు రాయడానికి విజయనగరం నుంచి భానుశ్రీ వచ్చింది. ఆమె కుర్చీకీ చీటీ ఉంది: "వెనక్కి వాలితే వెనక్కే పోతుంది." మొదటి వారం నవ్వుకుంది. ఆరో వారంలో ఆ నవ్వు ఆగిపోయింది.

ఆమె దగ్గర ఒక ఏఐ ఏజెంటు ఉంది. పని మాటల్లో చెబితే అదే కోడు రాస్తుంది. ఆమె తయారుచేసి ఇచ్చిన చిన్న చిన్న ప్రోగ్రాములే దాని పనిముట్లు; వాటిలో ఏది వాడాలో అదే ఎంచుకుంటుంది. పనిముట్టు లోపల ఏముందో చూడదు. పక్కన ఆమె రాసిన వర్ణన చదివి నమ్ముతుంది. ఒకదాని పక్కన ఆమె హడావిడిలో ఒకే ముక్క రాసింది: "రెండుసార్లు పడిన పేర్లు తీసేస్తుంది."

ఆ ఉదయం రైతుల జాబితా సరిచేయమని ఏజెంటుకు చెప్పి టీకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గేటు దగ్గర పండు బస్తాతో గాసి అనే రైతు నిలబడి ఉన్నాడు. జాబితాలో అతను లేడు. అతనే కాదు, రెండు వందల పన్నెండు మంది లేరు. సాయంత్రం నాలుగింటికి జాబితా కొనుగోలుదారుకు పోవాలి. అందులో లేనివాళ్ల పండు ఈ ఏడు ఎవరూ తీసుకోరు.

కిటికీ బయట మంచు ఒక్కో చెట్టునూ చెరిపేస్తూ కొండ దిగుతోంది.

పైడయ్య గుమ్మంలో ఆగాడు. కంప్యూటరంటే ఆయనకు భక్తి, భయం రెండూ. భక్తితో చెప్పులు విప్పుతాడు. కరెంటు గుర్తొచ్చి మళ్లీ తొడుక్కుంటాడు.

"ఏటైంది తల్లీ? ముఖం అలాగైపోనాదేటి?"

ఆమె చెప్పింది. ఆయన తెర మీద ఆమె రాసిన ఆ ఒక్క వాక్యాన్ని చదివాడు.

"దీనికి కొండ సంగతి సెప్పనేదా?"

గాసి వాళ్ల ఊళ్లో పెద్ద గాసి పోయాక, ఆరుగురు కొడుకులూ తమ మొదటి పిల్లాడికి ఆయన పేరే పెట్టారట. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, తోటలు మాత్రం వేరు. ఇలాంటి ఊళ్లు ఇంకా చాలా ఉన్నాయట. పేరు ఒకటైతే మనిషి ఒకడే అనుకోవడం మైదానంలో పుట్టిన మన కిందోళ్ల అలవాటని ఆయన గొణిగాడు.

నిన్న సాయంత్రం దాచిన జాబితా నకలు ఉంది. పోయిన పేర్లను భానుశ్రీ వెనక్కి తెచ్చింది. కానీ నిజంగా రెండుసార్లు పడినవీ కొన్ని ఉన్నాయి. అవి తీయకపోతే కొనుగోలుదారు జాబితా మొత్తం తిప్పి పంపుతాడు. రెండు వేల పేర్లు చేత్తో చూసే వ్యవధి లేదు. ఏజెంటును మళ్లీ నడపాలి. ఈసారి వర్ణన ఎలా రాయాలో ఆమె పైడయ్యనే అడిగింది.

ఆయన చెబుతుంటే కొత్త వర్ణన టైపు చేసింది. "ఇది జాబితాలోంచి మనిషిని తీసేస్తుంది. ఇక్కడ ఒకే ఊళ్లో ఒకే పేరు ఆరుగురికి ఉంటుంది. పేరు, తండ్రి పేరు, తోట నంబరు మూడూ కలిస్తేనే ఒకే మనిషి. తండ్రి పేరు లేకపోతే దీన్ని వాడవద్దు, అడుగు. అనుమానం వస్తే అడుగు. తీసే ముందు కూడా అడుగు."

"ఇన్నిసార్లు అడగాలా బాబాయ్?"

"నాను అడుగుతానే ఇరవై రెండేళ్లు బతికేసినాను."

"భానుశ్రీ పొరపాటు వల్ల ఇది మార్చాం" అని ఆమె చివర చేర్చబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు, కీబోర్డుకు తగలకుండా.

"తప్పు రాయి. మనిసిని రాయకు."

అప్పుడు ఆమెకు తట్టింది. ఆ గోదాములో ప్రతి చీటీ ఎవరో ఒకరు పొరపాటు చేసిన రోజున పుట్టిందే. ఒక్కదాని మీదా పేరు లేదు.

ఏజెంటు కదిలింది. పైడయ్య కళ్లు మూసుకుని, ఏమైందో చెప్పమన్నాడు. అది ఎవరినీ తీయలేదు. తొమ్మిది జంటలు చూపించి, ఒక్కరేనా అని అడిగింది. ఒక్కొక్కటీ సరిచూసి అవునన్నారు. మూడున్నరకు జాబితా వెళ్లింది. గాసి బస్తా కాటా ఎక్కింది.

నాలుగింటికి కార్యదర్శి దుర్గాప్రసాద్ వచ్చాడు. లోకంలో పైడయ్య చీటీ అంటించలేని భయం ఆయనొక్కడే. పొద్దున రైతుల పేర్లు పోయాయట, ఎవరి నిర్వాకం అని అడిగాడు. భానుశ్రీ నోరు తెరిచేలోగా పైడయ్య ముందుకొచ్చాడు.

"నాదేనండి."

"నీదా? నీకు కంప్యూటరు వచ్చా?"

"రాదండి. అందుకేనండి అలాగైనాది."

జాబితా మూడున్నరకే వెళ్లిందని భానుశ్రీ చెప్పింది. కార్యదర్శి ఇద్దరినీ ఒకసారి చూసి జీపెక్కాడు. జీపు మలుపు తిరిగేదాకా పైడయ్య నిటారుగా నిలబడ్డాడు. ఆ తర్వాత నేల మీద కూలబడి మంచినీళ్లు అడిగాడు.

భానుశ్రీ గ్లాసు తెచ్చింది. తాగే ముందు, అవి కాచినవేనా అని అడిగాడు. ఆమె రెండుసార్లు అవునంది.