జగన్మోహన్ గారి బయటి గడియ

కరెంటు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు ఇళ్ల మీటర్లను అనుమానించి రిటైరైన జగన్మోహన్ గారు, ఆ అనుభవం వృథా పోకూడదని ఇప్పుడు మనుషులను అనుమానిస్తున్నారు. అశోక్‌నగర్‌లో ఆయనకు మూడంతస్తుల ఇల్లుంది. కింద తనూ, భార్య అరుంధతీ. పైన తొమ్మిది గదుల్లో సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలు. పొద్దున ఏడింటికల్లా పిల్లలంతా చిక్కడపల్లి లైబ్రరీకో కోచింగ్‌కో వెళ్లిపోతారు. గది చూడవచ్చిన వాళ్లకు ఆయన ఈ సంగతే గర్వంగా చెప్పేవారు.

"పగటిపూట పిట్ట కూడ ఉండదు బాబూ. ఎంత మొత్తుకున్నా ఎవ్వరికి వినపడదు. చదువుకు గిసుంటి రూము దొరకదు."

పోయిన ఏడాది ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి ఈ మాటలు శ్రద్ధగా విన్నాడు. మూడో అంతస్తు గదిలో "ఫ్యాను తిరుగుతదా సార్?" అని అడిగాడు. స్విచ్ వేయడానికి జగన్మోహన్ గారు లోపలికి వెళ్లగానే గొంతు పట్టుకుని ఫోనూ ఉంగరమూ ఒలుచుకుని, బయట గడియ పెట్టి చక్కా పోయాడు. అరుంధతి సుల్తాన్ బజార్ నుంచి తిరిగొచ్చేదాకా నాలుగు గంటలు ఆయన మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ గది ప్రశాంతత గురించి తాను చెప్పిందంతా అక్షరాలా నిజమని ఆ రోజు స్వయంగా ధ్రువీకరించుకున్నారు.

అరుంధతి తీర్పు చెప్పారు. "ఇంకొక్కసారి ఇసుంటిది అయిందంటే తాళాలు నాకు ఇచ్చేయాలె. రూములు బ్రోకర్ జోగారావు చూపిస్తడు."

రిటైరయ్యాక జగన్మోహన్ గారికి మిగిలిన పదవి ఆ తాళాల గుత్తి ఒక్కటే. దాన్ని కాపాడుకోవడానికి ఆయన ఒక రాజ్యాంగం రాసుకున్నారు. వచ్చినవాడు ముందు మెట్లెక్కాలి, తాను మూడు మెట్లు వెనక. గది గుమ్మం తాను దాటరు. మధ్యలో అరుంధతి ఫోన్ చేస్తారు. ఆయన "పప్పు" అంటే క్షేమం, "చారు" అంటే ప్రమాదం.

మొన్న పదకొండు గంటలకు శ్రీశైలం అనే కుర్రాడు గది చూడటానికి వచ్చాడు. భుజాన పొడవాటి గుడ్డసంచి. అందులో ఏముందోనని మొదటి అంతస్తు దాకా ఆయన తల బద్దలు కొట్టుకున్నారు.

"పగటిపూట పైన ఎవరన్న ఉంటరా అంకుల్?"

జగన్మోహన్ గారి కాలు మెట్టు మీదే ఆగింది. "ఎందుకు?"

"ఉండకుంటెనే మంచిది."

"ఎవరికి?"

"నాకే. లోపట అరిస్తె బయటికి వినపడ్తదా?"

ఏడాది క్రితం తానే గొప్పగా చెప్పుకున్న సుగుణాన్ని వీడు ప్రశ్నగా అడుగుతుంటే ఆయనకు చెమట పట్టింది. తలుపు తీసి పక్కకు జరిగారు. శ్రీశైలం లోపలికి వెళ్లి, "ఒక్క నిమిషం అంకుల్" అంటూ తలుపు దగ్గరికి వేశాడు. అంతే, జగన్మోహన్ గారి చేయి రాజ్యాంగంలో ఎక్కడా లేని పని చేసింది. బయట గడియ పెట్టేసింది.

అప్పుడే ఫోన్ మోగింది. "అరుంధతీ, చారు!"

"ఇయ్యాల దోసకాయ పప్పు చేసిన కదా."

"చారు అంటున్న! చారు!"

"పప్పు ఉండంగ చారెందుకండి?" అని, అంతలోనే గుర్తొచ్చి, ఆమె చపాతీ కర్రతో మెట్లెక్కి వచ్చారు.

లోపలి నుంచి గంభీరమైన గొంతు వినిపించింది. "ప్రాథమిక హక్కులు. ఇరవై ఒకటవ అధికరణ. చట్టప్రకారం తప్ప ఏ వ్యక్తి స్వేచ్ఛనూ హరించరాదు." ఆ వెంటనే తలుపు ఊగింది. "అంకుల్, తలుపు వస్తలేదు."

అరుంధతి గడియ తీశారు. శ్రీశైలం గోడకు ఆనుకుని, ఫోన్ కత్తిలా పట్టుకుని ఉన్నాడు.

"దగ్గరికి రాకుండ్రి. దోస్తులకు లొకేషన్ పంపిన."

"దొంగవనుకున్న! అరుపుల గురించి ఎందుకడిగినవ్?"

"గట్టిగ చదువుతె గాని నాకు ఎక్కదు. అందుకే తలుపేసి చదివి చూసిన. పాత రూమ్ల అందరు తిట్టిన్రు. మీరే దొంగలేమోనని నేను పరేషాన్ అవుతున్న."

సంచిలో ఉన్నవి గోడకు తగిలించే దేశపటాలు.

అరుంధతి చేయి చాచారు. "తాళాలు."

"నేనేం ఇరుక్కోలేదు కదా!"

"పరాయి పిలగాన్ని లోపలేసిన్రు. అది తక్కువనా?"

శ్రీశైలం గడియను పరిశీలనగా చూశాడు. "బయట గడియ ఎందుకు ఆంటీ? లోపట నుంచి తాళంచెవి లేకుండ తెరుసుకునే లాకు పెడితె అయిపాయె. ఇగ ఎవ్వలు ఎవ్వల్ని లోపలేస్తరు?"

ఏడాదిగా పప్పూ చారూ కాచిన రాజ్యాంగ నిర్మాత తాళాల గుత్తి తీసి భార్య చేతిలో పెట్టారు.

"తొమ్మిది రూములకు గడియలు ఊడదీయుండ్రి," అన్నారు అరుంధతి, గుత్తి నడుముకు దోపుకుంటూ. "లాకులు పడ్డంక తాళాలు ఇస్త. జోగారావును పిలువను."

జగన్మోహన్ గారు ఆ నిమిషమే స్క్రూడ్రైవర్ తెచ్చారు. తలుపు కదలకుండా లోపలి నుంచి ఎవరో ఒకరు పట్టుకోవాలి.

"లోపటికి పోయి జర పట్టుకో బాబూ."

"మీరు పట్టుకోండి అంకుల్, నేను ఊడదీస్త."

"చిన్నోనివి, నువ్వు పో."

"పెద్దోళ్లు, మీరే పోవాలె."

చివరికి అరుంధతే లోపలికి వెళ్లి తలుపు పట్టుకున్నారు. మూడో స్క్రూ తిరుగుతుండగా శ్రీశైలం దోస్తులు ముగ్గురు రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు.

"లోపట ఎవరున్నరు?"

"నేను," అన్నారు లోపలి నుంచి అరుంధతి. "తాళాలు కూడ నా దగ్గర్నే ఉన్నయి."