తొక్కు సీసాలో వాన

మంచిర్యాలలో మా మనుమరాలు గాజు సీసాలో మట్టి పోసి, నాచు పరిచి, చిన్న మొక్క నాటి మూత బిగించింది. ఇక నీళ్లు పోయనక్కర్లేదట. తెల్లారి చూస్తే గాజు లోపల చుక్కలు జారుతున్నాయి. నాకు ఎనిమిదేళ్ల వయసప్పటి సంగతి గుర్తొచ్చింది.

ఆ ఏడు వాన రాక మా వరినారు ఎండుతోంది. పిల్లలం వాన కోసం రోకలికి కప్పను కట్టి, ఇంటింటా దాని మీద నీళ్లు పోయించుకుంటూ కప్పతల్లి ఆడాం. ఆట అయ్యాక కప్పను వదిలేయాలి. నేను వదల్లేదు. వాన తెచ్చేది అదే కదా! మామిడికాయ తొక్కు పెట్టే ఖాళీ సీసాలో తడిమట్టి, బావిగట్టు నాచు వేసి, కప్పను పెట్టి మూత బిగించాను.

పొద్దున గాజు నిండా చినుకులే! వాడంతా వినపడేలా అరిచాను.

"బాపూ! కప్ప వాన కురిపించింది! మడికి తీస్కపోదాం పా!"

అవ్వ సీసా లాక్కుంది. "దానికి ఊపిరాడుతలేదే, ఇడువు!"

"ఇడిస్తే నారు ఎండుతది గదనే అవ్వా!"

"కప్పను సంపితే వాన ఎట్లొస్తదే, పిచ్చిదానా?"

ఏడుస్తూ మూత తీశాను. కప్ప ఒక్క గెంతు గెంతి పోయింది.

నారు ఎండింది. నేను వదిలినందుకేనని ఎన్నేళ్లు అనుకున్నానో!

"గిండ్ల కప్ప ఏదే?" అని ఇప్పుడు ఆ గాజు సీసా చూపిస్తూ మనుమరాలిని అడిగాను.

"కప్పెందుకు అమ్మమ్మా? మట్టిల నీళ్లే ఆవిరై మళ్ల పడుతయి."

సీసాను కిటికీ దగ్గరికి జరిపించుకున్నాను. రేపు అందరికంటే ముందు లేచి చూడాలి.