నలభయ్యో ఏట ఒత్తులు నేర్పిన టీచరమ్మ

పోయిన మంగళవారం మా టీచరమ్మ కన్నుమూశారు. ఆ కబురు ఆమె కోడలు పంపిన మెసేజ్‌లో వచ్చింది. హైటెక్ సిటీలో నేను పనిచేసే ఆఫీసులో, ప్యాంట్రీ పక్కన నిలబడి నేనే చదువుకున్నాను. ఐదేళ్ల కిందటైతే ఫోను పట్టుకుని ఎవరో ఒకరి దగ్గరకు వెళ్లేదాన్ని. చదవడం వచ్చినందుకు ఆ ఒక్క నిమిషం బాధపడ్డాను.

నిజాంపేటలో మా ఆయన వాచ్‌మన్‌గా ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఆమె మొదటి అంతస్తులో ఉండేవారు. కర్నూలు వైపు బడుల్లో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కొడుకు దగ్గరకు వచ్చారు. కొరియర్ వాళ్లు కవర్లన్నీ కింద మా గదిలోనే ఇచ్చి పోయేవారు. తన పేరున్నది తీసివ్వమని ఆమె అడిగినప్పుడల్లా, కళ్లజోడు మరిచిపోయానని చెప్పేదాన్ని. మూడోసారి ఆమె గొంతు తగ్గించి అన్నారు:

"నీకు కళ్లజోడు లేదు కదమ్మా."

నేను ఐదో తరగతి దాకా బడికి పోయినదాన్నే. అక్షరాలు విడివిడిగా తెలుసు. ఒత్తులొస్తే అన్నీ కలగాపులగమయ్యేవి. లేచి చదవమంటే తరగతంతా నవ్వేది, అందుకే బడి మానేశాను. నలభయ్యో ఏట కూడా ఆ సిగ్గు పోలేదు. ఆమె కంటపడకుండా నెల రోజులు తిరిగాను.

అప్పుడే ఒకరోజు ఆఫీసు బాత్రూం కడుగుతూ యాసిడ్, బ్లీచింగ్ రెండూ ఒకే బకెట్‌లో పోశాను. ఘాటుగా పొగ లేచి ఊపిరాడలేదు. దవాఖానకు తీసుకుపోయారు. రెండూ కలపొద్దని డబ్బా మీద ఇంగ్లీషులో రాసి ఉందని సూపర్‌వైజర్ చూపిస్తే, తొందరలో చూసుకోలేదని చెప్పాను. ఇంటికి వచ్చిన సాయంత్రం మెట్లెక్కి టీచరమ్మ తలుపు కొట్టాను.

"నాకు చదువ రాదు టీచరమ్మా. జర నేర్పుతరా?"

"రా, కూర్చో. టీ తాగినావా?" అన్నారు. అంతే.

మర్నాడు మా అమ్మాయి పాత ఒకటో తరగతి వాచకం పట్టుకెళితే పక్కన పెట్టేశారు. "ఇది పిల్లలది. నువ్వు ఇల్లు నడిపే మనిషివి. నీ నోట్లో ఇన్ని మాటలుండాయి కదా, వాటితోనే మొదలుపెడదాం." బకెట్, చీపురు, లిఫ్ట్, డ్యూటీ. ఒక్కో మాటా పలికించి, అందులో ఎన్ని చప్పుళ్లు వినబడ్డాయో అన్నిసార్లు బల్ల మీద వేలితో కొట్టమనేవారు. ఆ తర్వాతే పెన్ను. లిఫ్ట్ అని రాయమంటే 'లిపటు' అని రాశాను. ఆమె తప్పు కొట్టలేదు. 'లి' చుట్టూ సున్నా చుట్టారు.

"ఇది సరిగ్గా రాసినావు. చప్పుడు ఒక్కటీ వదల్లేదు. చెవి బాగుంది, ఇంక చేతికి నేర్పాల."

నా చదువులోనూ బాగున్నది ఒకటి ఉందని నాకు మొదట చెప్పిన మనిషి ఆమె.

ఇంగ్లీషుకు వచ్చేసరికి అక్షరాల పేర్లు కాసేపు మరిచిపొమ్మన్నారు. "పేరు పిలవడానికమ్మా. చదవడానికి చప్పుడు కావాల." ఎమ్, ఐ, ఎక్స్ అని పదిసార్లు చదివినా అది మాట కాలేదు. మ్, ఇ, క్స్ అని కలిపితే 'మిక్స్' అయింది. నన్ను దవాఖానకు పంపిన మాట అదే.

"గింతేనా?" అన్నాను.

"ఇంతే."

నాకు ఏడుపొచ్చింది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి, నేను కళ్లు తుడుచుకునేదాకా అక్కడ గిన్నెలు సర్దుతూ ఉండిపోయారు.

రెండుసార్లు విసిగి మానేశాను. ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. మళ్లీ వెళితే ఆపిన పేజీ తీసి ముందు పెట్టేవారు. శుభ్రం అన్న మాట నేర్పిన రోజున శుభ్రత, పరిశుభ్రం, అపరిశుభ్రం కూడా రాయించారు. "మాటలకూ చుట్టాలుంటారు. ఒకరు పరిచయమైతే మిగతావాళ్లు వాళ్లే వస్తారు" అనేవారు.

రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఆఫీసులో మా అంతస్తుకు సూపర్‌వైజర్ని నేనే. కొత్తగా పనిలో చేరినవాళ్లు డబ్బా చూసి తలూపితే ఒప్పుకోను. పక్కన కూర్చుని, వాళ్ల నోటితో చదివించి వింటాను.

ఈమధ్య టీచరమ్మ మంచం దిగలేదు. షుగర్ వల్ల చూపు బాగా తగ్గింది. డ్యూటీ నుంచి వచ్చి ఆమెకు పేపరు చదివి వినిపించేదాన్ని. ఆఖరిసారి ఏదో చెరువు గురించిన వార్త చదువుతూ 'పునరుద్ధరణ' దగ్గర ఆగిపోయాను. పక్కనున్న కోడలు అందించబోయింది. టీచరమ్మ కళ్లు తెరవకుండానే చూపుడువేలు పైకెత్తి ఆమెను ఆపారు. పున... పునరు... ద్ధ... నేను కూడబలుక్కుంటున్నంతసేపూ ఆ సన్నటి వేలు అలాగే నిలబడి ఉంది.